జొన్నలు చల్లిన చెయ్యి

పావురాలకు కర్మ సంగతి తెలియదు, జొన్నల సంగతి తెలుసు. తెల్లారేసరికి కొత్తగూడ ఫ్లైఓవర్ మీదుగా గుంపుగా ఎగిరొచ్చి, ఎనిమిదో అంతస్తులో రామాంజనేయులు బాల్కనీ రెయిలింగ్ మీద బారులు తీరి కూర్చునేవి. ఆయన తలుపు తీయడం కాస్త ఆలస్యమైతే అద్దాన్ని ముక్కుతో పొడిచేవి. ఈ లోకంలో రామాంజనేయులు కోసం అంత ఆత్రంగా ఎదురుచూసే ప్రాణులు వేరే లేవు. ఆఫీసులో ఆయన కింద పెద్ద టీమే ఉంది. వాళ్ళూ ఎదురుచూస్తారు గానీ, ఆయన ఎప్పుడు సెలవు పెడతాడా అని.

ఆయన భార్య రుక్కమ్మ పోయి రెండేళ్ళు దాటింది. ఆ పేరంటే ఆమెకు నామోషీ. అపార్టుమెంటులో అందరికీ రుక్మిణి అని చెప్పుకునేది. తాడిపత్రి నుంచి వచ్చిన మొగుడు మాత్రం లిఫ్టులో, సూపర్ మార్కెట్టులో, ఎక్కడపడితే అక్కడ రుక్కమ్మా అని కేకేసి ఆమె పరువు తీసేవాడు. పిల్లలు లేరు. ఇద్దరే కాబట్టి ఆ కేకలే ఇంటికి సందడి.

ఆమె పోయిన రోజు ఆయన ఇంటి నుంచే పనిచేస్తున్నాడు. నెలల తరబడి తయారుచేసిన సాఫ్ట్‌వేరు ఆ రోజే క్లయింటు చేతికి వెళ్ళాలి. అందరూ కాల్‌లో ఉన్నారు, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. రుక్కమ్మ ఆయన గది గుమ్మం దగ్గరికొచ్చి, "ఇదో, ఒకసారి..." అంది. ఆయన తల తిప్పకుండా అరచెయ్యి ఎత్తి చూపించాడు. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళ ఇళ్ళలో ఆ అరచేతికి అర్థం చంటిపిల్లలకు కూడా తెలుసు. కాల్‌లో ఉన్నాను, ఆగు అని. ఆమె ఆగింది. వెళ్ళి మంచం మీద పడుకుంది. కాల్ అయ్యాక, అంతా సవ్యంగా జరిగిందన్న హుషారులో, "రుక్కమ్మా, టీ పెట్టు" అంటూ వెళ్ళాడు. ఆమె పలకలేదు. గుండెపోటు అన్నారు.

కర్మకాండలు అయిపోయాక తాడిపత్రి నుంచి సుబ్బమ్మ పెద్దమ్మ ఫోన్ చేసింది. తల్లి తర్వాత తల్లంతటిది. "ఊరికే కుమిలిపోతే ఏమొస్తాది నాయనా. పావురాళ్ళకు జొన్నలు చల్లు. ఆయమ్మకు చేరతాయి. నీ కర్మ గూడా కొంచెం కొంచెంగా కరుగుతాది" అంది.

రామాంజనేయులు చదువుకున్నవాడే. ఏ తప్పు ఎక్కడ పుట్టి ఎక్కడ తేలుతుందో వెతికి పట్టుకోవడమే ఆయన ఉద్యోగం. అయినా ఆ మాట మునిగిపోతున్నవాడికి తాడు దొరికినట్టు దొరికింది. ఊరి నుంచి తెల్లజొన్నలు బస్తా తెప్పించుకున్నాడు. ఆ రోజు ఎత్తిన కుడిచేత్తోనే రోజూ గుప్పిళ్ళు గుప్పిళ్ళు చల్లాడు. చల్లుతూ చల్లుతూ మాట్లాడటం మొదలుపెట్టాడు. మెడ దగ్గర తెల్లమచ్చ ఉన్న పావురం ఒకటి తల వంచి వింటున్నట్టు ఉండేది. దానికి అన్నీ చెప్పేవాడు. మోకాలు నొప్పి, ఉప్మాలో ఉప్పు మరిచిపోవడం, టీమ్‌లోని నవ్యకు వస్తున్న పెళ్ళి సంబంధాలు. చివరికి ప్రతిరోజూ అదే మాట దగ్గర ఆగేవాడు. "ఆ చెయ్యి ఎత్తకుండా ఉండాల్సింది రుక్కమ్మా. నేను లేచి వచ్చింటే నువ్వు బతికిందువా?" తెల్లమచ్చ పావురం జొన్న గింజ మింగేది. అదే జవాబని ఆయన సరిపెట్టుకునేవాడు.

అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో అప్పుడప్పుడూ మెసేజీలు వచ్చేవి. దయచేసి పావురాలకు గింజలు వేయవద్దు, అందరూ బాల్కనీలకు వలలు కట్టించుకోండి అని. ఎప్పుడు తలెత్తి చూసినా ఆ టవర్‌లో అన్ని బాల్కనీలకూ వలలే, ఆయనదొక్కటే బోసిగా ఉండేది. రామాంజనేయులు ఆ మెసేజీలు చదివి ఫోను బోర్లా పెట్టేవాడు. మూగజీవాల నోటికాడి గింజ తీసేవాళ్ళకు ముందుముందు వాళ్ళ కర్మే సమాధానం చెబుతుందిలే అనుకునేవాడు. అలా అనుకున్నప్పుడు ఆయనకు ఒకరకమైన తృప్తి కూడా కలిగేది, అబద్ధమెందుకు.

చలి మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం అసోసియేషన్ సెక్రటరీ చలపతిరావు తలుపు తట్టాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"రామాంజనేయులు గారూ, ఈ శనివారం వల కట్టేవాళ్ళు వస్తారండి. మీరు కాదనకూడదు. కింద ఏడో అంతస్తులో ఎలిజబెత్ గారు ఆసుపత్రిలో ఉండి నిన్ననే వచ్చారు. ఊపిరితిత్తుల జబ్బు. పావురాల వల్లేనన్నారట."

"ఆమె కంప్లైంట్ ఇచ్చినారా?"

"ఎవరిస్తే ఏంటండి. కట్టించుకోండి." చలపతిరావు లిఫ్టు వైపు నడిచాడు.

రామాంజనేయులుకు ఒళ్ళు మండిపోయింది. ఎలిజబెత్ ఆయనకు లిఫ్టులో పరిచయం. తెల్లజుట్టు, నేత చీర, మెడలో సన్నటి గొలుసుకు చిన్న శిలువ. రిటైరైన నర్సు, ఒంటరిగా ఉంటుందని తెలుసు. కనిపిస్తే నవ్వేది, ఈయన తలూపేవాడు. అంత నవ్వే మనిషి తనతో ఒక్క మాట అనకుండా సెక్రటరీ చెవిలో వేస్తుందా? వల కడితే రుక్కమ్మ ఏ దారిన వస్తుంది? కరగాల్సిన కర్మ ఇంకా కొండంత ఉంది. ఆ కోపంలోనే మెట్లు దిగి, కింది ఇంటి బెల్లు గట్టిగా నొక్కాడు.

తలుపు తెరుచుకుంది. ఎలిజబెత్ ముక్కుకు సన్నటి గొట్టం ఉంది. అది హాలు మూలన గుర్రుమంటున్న ఆక్సిజన్ మిషను దాకా పాకి ఉంది. లిఫ్టులో చూసిన మనిషి ఇప్పుడు సగమైంది.

"రండి, కూర్చోండి" అంది.

"మీరు నాతో చెప్పకుండా..." అంటూ నిలబడే మొదలుపెట్టాడు.

"నేను చెప్పలేదండి. మా షారోన్ చెప్పింది. మా అక్క కూతురు, మూసాపేటలో టీచరు. వద్దంటే వినలేదు." ఇంకేదో చెప్పబోయింది, దగ్గు అందుకుంది. మామూలు దగ్గు కాదు, మనిషిని నడుము దగ్గర విరిచేసే దగ్గు. ఆ దగ్గులోనే ఆమె ఆయన వైపు అరచెయ్యి ఎత్తింది. ఆగండి అని.

రామాంజనేయులు ఆగిపోయాడు. ఎత్తిన అరచెయ్యి ఎదుటివాళ్ళకు ఎలా కనిపిస్తుందో ఆయనకు ఇంతవరకూ తెలియదు. మాట నోట్లోనే పెట్టుకుని, ముందుకు వెళ్ళాలో వెనక్కి వెళ్ళాలో తెలియక, ఆ చెయ్యి ఎప్పుడు దిగుతుందా అని నిలబడ్డాడు. రుక్కమ్మ కూడా గుమ్మంలో ఇలాగే నిలబడి ఉంటుంది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

దగ్గు తగ్గాక ఎలిజబెత్ మెల్లగా చెప్పింది. "రెట్టలు ఎండి, దుమ్మై, గాలిలో కలుస్తాయండి. అందరికీ ఏమీ కాదు. కొందరి ఊపిరితిత్తులకు పడదు, గట్టిపడిపోతాయి. నా బాల్కనీకి వల ఉంది గానీ, వలకి పావురాలు ఆగుతాయి, దుమ్ము ఆగదు కదా. పోయిన ఊపిరి తిరిగి రాదన్నారు. ఉన్నది నిలబడాలంటే పావురాలైనా పోవాలి, నేనైనా మూసాపేట పోవాలి."

"మీకెప్పుడు తెలిసింది?"

"వానాకాలంలోనే అడిగారండి డాక్టరు గారు, ఇంటి దగ్గర పావురాలున్నాయా అని. లేవన్నాను. ఇన్నేళ్ళు నర్సు పని చేసి, డాక్టరుకి అబద్ధం చెప్పడం అదే మొదలు."

"ఎందుకు? నాతో ఒక మాట అంటే..."

"ఏమని అనమంటారు? పొద్దున్నే మీరు మీ ఆవిడతో మాట్లాడుకుంటారు. నేను కింద టీ తాగుతూ కూర్చుంటాను. వినకూడదనే అనుకున్నానండి మొదట్లో. తర్వాత అలవాటైపోయింది. మీ మోకాలు నొప్పి, ఆ నవ్య సంబంధాలు, మీ ఉప్పు లేని ఉప్మా. పొద్దున పూట ఈ ఇంట్లో వినబడే మనిషి గొంతు అదొక్కటే. పావురాలు పోతే ఆ గొంతూ పోతుంది. నాదేదో త్యాగం అనుకోకండి, సగం నా స్వార్థమే."

రామాంజనేయులు రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. రెండేళ్ళుగా పావురాల ముందు తప్ప ఎవరి ముందూ ఏడవని మనిషి అక్కడ ఏడ్చాడు. "నా కర్మ చూడమ్మా. ఆయమ్మను పోగొట్టుకుంటి. ఆ పాపం కరుగుతాదని జొన్నలేస్తే మీ ఊపిరి తీస్తి. ఇది ఏ జన్మలో కడుక్కోవల్ల? నా అంత పాపాత్ముడు..."

"ఆపండి."

ఆమె గొంతు పెంచలేదు. పెంచే ఊపిరి లేదు. కానీ వార్డులో అల్లరి చేసే రోగిని ఆపిన గొంతు అది.

"దగ్గుతున్నది నేనండి. మీరేమో మీ పాపం గురించి మాట్లాడుతున్నారు. ముందు కాసిని మంచినీళ్ళు తెచ్చిపెట్టండి."

ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళాడు. గట్టు మీద ఒక కంచం, ఒక గ్లాసు, ఒక టీ కప్పు బోర్లించి ఉన్నాయి. పొయ్యి మీద ఒక మనిషికి సరిపడే చిన్న గిన్నె. పైన ఆయన వంటిల్లూ అచ్చం ఇదే. అదే గట్టు, అదే ఒంటి కంచం. రెండేళ్ళు ఆ ఇంటి నెత్తిన నిలబడి రోజూ జొన్నలు చల్లాడు. ఒక్కనాడైనా కింద ఎవరున్నారు, తిన్నారా, ఎలా ఉన్నారు అన్న ఆలోచన రాలేదు. రుక్కమ్మకు చేరాలి, నా కర్మ కరగాలి, అంతే. చల్లిన ప్రతి గింజా తనకోసమే చల్లుకున్నాడు. పావురాలకు కూడా కాదు. అది తెలిసేసరికి ఆయనకు సిగ్గేసింది. పాపభయం ఎప్పుడూ ఆయనతోనే ఉండేది, ఈ సిగ్గు మాత్రం కొత్త.

నీళ్ళు గోరువెచ్చగా చేసి తెచ్చి ఇచ్చాడు. ఆమె గుక్క గుక్కగా తాగేదాకా పక్కనే నిలబడ్డాడు.

"మీరు రోజూ ఆ పావురాన్ని అడిగే ప్రశ్న కూడా విన్నాను" అందామె గ్లాసు ఇస్తూ. "లేచి వెళ్ళుంటే బతికేదా అని. నేను చాలామందిని చూశానండి. పరిగెత్తినా కొందరు దక్కరు, పట్టించుకోకపోయినా కొందరు లేచి కూర్చుంటారు. మీ ఆవిడ సంగతి నాకు తెలీదు. తెలీనిది చెప్పను."

అందులో ఓదార్పు లేదు. కానీ నీ తప్పేం లేదన్న చుట్టాలందరి మాటలకంటే ఆ మాటే ఆయన చెవికి నిజంగా వినబడింది.

వెళ్ళేముందు గుమ్మంలో ఆగాడు. "మూసాపేట పోవద్దమ్మా. వల నేను కట్టిస్తా. ఏమన్నా అవసరమైతే ఫోన్ చేయండి."

"ఆయాసం వచ్చినప్పుడు ఫోన్లో మాట రాదండి."

"అయితే బాల్కనీ రెయిలింగ్ మీద గరిటెతో కొట్టండి. పైకి వినిపిస్తాది. మీరు కొడితే నేను ఉన్నఫళంగా వస్తా."

ఎలిజబెత్ నవ్వింది. నవ్వు మళ్ళీ దగ్గులోకి తిరిగింది. ఈసారి ఆమె చెయ్యి ఎత్తకముందే ఆయన ఆగాడు, దగ్గు తగ్గాకే తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు.

శనివారం బోరబండ నుంచి వల కట్టే మనిషి వచ్చాడు. బాల్కనీ అంతా నీళ్ళు కొట్టి కడిగి, మూలల్లో పేరుకున్నదంతా గీకి మూటగట్టి, మేకులు దిగగొట్టి వల బిగించాడు. "ఇగ ఫికర్ చెయ్యకుండ్రి సార్. ఒక్క పావురం గూడ రాదు" అన్నాడు శుభవార్త చెప్పినట్టు. రామాంజనేయులు తలూపాడు.

ఆదివారం పొద్దున అవి మామూలుగానే వచ్చాయి. వల బయట అంచు మీద సర్దుకుని కూర్చున్నాయి. తెల్లమచ్చ పావురం వలలో ముక్కు దూర్చి చూసింది, తల ఒకవైపు వంచింది. రామాంజనేయులు అద్దం తలుపు వెనకే ఉండిపోయాడు. రుక్కమ్మను తన చేతులతోనే గుమ్మం బయట నిలబెట్టినట్టనిపించింది. కాసేపు చూసి చూసి అవి ఒక్కొక్కటే లేచిపోయాయి. వాటికి ఇంకో బాల్కనీ దొరుకుతుంది.

బస్తాలో మిగిలిన జొన్నలు చెరిగి, రాళ్ళేరి, కొత్తగూడ సందులో ఉన్న పిండి గిర్నీకి తీసుకెళ్ళి ఆడించుకొచ్చాడు. రొట్టె చేయడం రుక్కమ్మ చేస్తుంటే చూడటమే తప్ప ఆయన చేతులకు రాదు. వేడినీళ్ళు పోసి పిసికి తడితే అంచులు పగిలాయి, పెనం మీద వేస్తే నడిమికి విరిగింది. ఉన్నవాటిలో కాస్త రొట్టెలాగా ఉన్నదాన్ని, వంకాయ కూర వేసుకుని, కిందికి తీసుకెళ్ళాడు. తలుపు షారోన్ తీసింది, చర్చి నుంచి అటే వచ్చిందట. కంచంలోకి చూసి, "ఇది ఏంటండి?" అంది. లోపలి నుంచి ఎలిజబెత్, "ఏదైతేనేం, లోపలికి తే" అంది.

సోమవారం ఆయన ఇంటి నుంచే పని. పొద్దున అలవాటు చొప్పున బాల్కనీలోకి వెళ్ళాడు. కడిగిన నేల శుభ్రంగా, ఖాళీగా ఉంది. వల అవతల ఫ్లైఓవర్ మీద అప్పుడే కార్లు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. నోరు తెరిచాడు. రుక్కమ్మా అనబోయాడు. ఎదురుగా ఏ ప్రాణీ లేకుండా ఆ పేరు నోటి నుంచి రాలేదు. ఇంతకుముందు ఒంటరితనానికి రెక్కలైనా ఉండేవి, ఇప్పుడవీ లేవు. వెనక్కి వచ్చి లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

ఆ రోజు మళ్ళీ సాఫ్ట్‌వేరు క్లయింటు చేతికి వెళ్ళే రోజు. తెరనిండా ముఖాలు. ఎక్కడో ఏదో అతుక్కోవడం లేదు. కంపెనీ పెద్దవాళ్ళు అసహనంగా ఉన్నారు, నవ్య గబగబా ఏదో వివరిస్తోంది, అందరూ రామాంజనేయులు ఏమంటాడా అని చూస్తున్నారు. అప్పుడు వినబడింది. కింద నుంచి, ఇనుము మీద ఇనుము. టంగ్, టంగ్ మని.

ఆయన తల బాల్కనీ వైపు తిరిగింది.

"సర్, మీరు చెప్పండి" అంటోంది నవ్య.

ఆయన అరచెయ్యి లేచింది. ఈసారి తెర వైపు. ఆగండి అని. ఆ ముఖాలన్నీ ఆగిపోయి చూస్తుండగా కుర్చీ వెనక్కి తన్ని, చెప్పులైనా లేకుండా, లిఫ్టు కోసం చూడకుండా మెట్ల మీద పడి పరిగెత్తాడు. మోకాలు కలుక్కుమంది. దేవుడా, ఈ ఒక్కసారి, ఈ ఒక్కసారి అనుకుంటూ దిగాడు. తన కర్మ మాట ఆ క్షణాన గుర్తుకే రాలేదు.

తలుపు గడియ తీసే ఉంది. మిషను గుర్రుమంటూనే ఉంది. గొట్టం వెంటే బాల్కనీలోకి పరిగెత్తాడు.

ఎలిజబెత్ కుర్చీలో కూర్చుని ఉంది. ఒక చేతిలో గరిటె, ఒడిలో టీ కప్పు. మనిషి నిమ్మళంగానే ఉంది.

"ఏమైందమ్మా? ఆయాసమా?" అన్నాడు రొప్పుతూ.

"నాకేం కాలేదండి." ఆమె ఆయన్ను ఎగాదిగా చూసింది, చెప్పుల్లేని కాళ్ళు చూసింది. "పొద్దున మీ గొంతు వినబడలేదు. పైన ఒక్కరే ఉంటారు కదా, ఏమైందో ఏమో అని కొట్టాను."

రామాంజనేయులు గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. రెండేళ్ళలో ఆయన ఉన్నాడా పోయాడా అని చూడటానికి ఎవరూ పిలవలేదు. కళ్ళు తుడుచుకోవడం కూడా గుర్తురాలేదు. పైన లాప్‌టాప్‌లో ఎవరో ఆయన పేరు పిలుస్తూనే ఉంటారు, పిలవనీ అనుకున్నాడు.

ఆమె పక్కనున్న ఖాళీ కుర్చీని కాలితో ఇటు జరిపింది.

"ఇవాళ ఉప్మాలో ఉప్పు వేశారా?"

"వేసినానమ్మా" అని కూర్చున్నాడు. "కొంచెం ఎక్కువైంది."